ఢిల్లీ లేఖ: సమోసా జోలికి పోయిన సర్కార్లు

2025 జూలైలో దేశ రాజధానిలో సమోసా రెండుసార్లు ప్రభుత్వ వ్యవహారమయింది. నెల మధ్యలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖవారి సలహాపత్రం ఒకటి పత్రికలకెక్కింది. తినుబండారాలలో నూనె, చక్కెర పాళ్ళు ఎంతెంతో తెలియజెప్పే బోర్డులను కార్యాలయాలలోనూ క్యాంటీన్లలోనూ పెట్టవలసిందని దాని సారాంశం. ఆ మాట నోటినుంచి నోటికి పాకి, సిగరెట్టు పెట్టె మీద ఉన్నట్లే సమోసా మీదా జిలేబీ మీదా హెచ్చరిక ముద్రించబోతున్నారన్న రూపం దాల్చింది. ఉత్తరాది గగ్గోలెత్తింది. ప్రభుత్వం వెనువెంటనే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది: వీధి వర్తకుల జోలికి తాము పోవడం లేదని, ఏ భారతీయ తినుబండారాన్నీ ప్రత్యేకించి వేలెత్తి చూపలేదని.

ఈ గొడవ చల్లారీ చల్లారకముందే, ఆ నెలాఖరులో, లోక్‌సభ జీరో అవర్‌లో గోరఖ్‌పూర్ సభ్యులు శ్రీ రవికిషన్ లేచారు. ఆయన పాలకపక్షమైన భారతీయ జనతా పార్టీ సభ్యులు. అంతకుముందు నుంచీ భోజ్‌పురీ చిత్రాల కథానాయకులు. ఒకచోట సమోసా చిన్నది, మరొకచోట పెద్దది. ధరకూ పరిమాణానికీ పొంతన లేదు. దాబా మొదలుకొని ఐదు నక్షత్రాల హోటలు దాకా వడ్డించే పదార్థం ధర, నాణ్యత, పరిమాణం చట్టప్రకారం నిర్ణయించాలి అన్నది ఆయన కోరిక. ఒకే నెలలో ఒక మంత్రిత్వ శాఖ నూనె తగ్గించుకోమని హితవు చెప్పడం, అదే ప్రభుత్వ పక్షానికి చెందిన సభ్యుడు సమోసా సైజు తగ్గిపోతోందని వాపోవడం చూసి జనం నవ్వుకున్నారు. నవ్వవలసినదే. అయితే ఆ నవ్వులో అసలు సంగతి ఒకటి కొట్టుకుపోయిందని నాకనిపిస్తుంది.

ఢిల్లీలో సమోసా ఎవరు తింటారు? మంత్రుల సమావేశాలలో బిస్కెట్ల పళ్ళెం పక్కన అది కనిపించే మాట నిజమే. కాని దానిని నమ్ముకుని బ్రతికేవారు వేరు. తీస్ హజారీ కోర్టు బయట వాయిదా కోసం పడిగాపులు పడే కక్షిదారు, భవన నిర్మాణానికి బీహారునుంచి వచ్చిన కూలీ, ముఖర్జీనగర్‌లో అద్దె గదిలో ఉంటూ పరీక్షలకు చదివే కుర్రవాడు, సవారీ వదిలి తీరిగ్గా కూర్చునే వీలులేని ఆటో డ్రైవరు. ఆకు దొన్నెలో రెండు సమోసాలు చిదిమి, మీద గరిటెడు శనగల కూర పోసి ఇస్తే వారికి అదే మధ్యాహ్న భోజనం. ఇంటికి వెళ్ళి అన్నం తినే వీలు లేనివాడి తిండి అది. అటువంటివాడికి సమోసా అంగుళం చిన్నదైతే అది హాస్యప్రసంగం కాదు, పూటలో కోత.

పిండి పొరలో కూరనో మాంసాన్నో చుట్టి, నూనెలో వేయించో పొయ్యిలో కాల్చో తినడం భూగోళమంతటా ఉన్నదే. ఆంగ్లేయులు దానిని ‘పై’ అన్నారు. వారిలోనే కార్న్‌వాల్ సీమవారు పాస్టీ అన్నారు. స్పెయిన్‌వారికి, దక్షిణ అమెరికావారికి అది ఎంపనాదా. ఉజ్బెకిస్తాన్‌లో తందూరు గోడకు అంటించి కాల్చే సమ్సా. బాల్కన్ దేశాలలో బూరెక్. (మన బూరెకూ దానికీ చుట్టరికం లేదు.) పేర్లు ఎన్నయినా, దీని సుగుణం ఒకటే: పళ్ళెం అక్కరలేదు, చెంచా అక్కరలేదు, జేబులోనో మూటలోనో వేసుకుని పోవచ్చు, చల్లారినా తినవచ్చు. అందువల్లనే ఇది పనివాడి వెంట, సిపాయి వెంట, వలసపోయేవాడి వెంట నడిచింది. నడిచిన ప్రతిచోటా ఏదో ఒక సర్కారు దాని మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి కాల్చుకుంది.

పొరుగు దేశంతో మొదలుపెడతాను. 2009లో లాహోర్ అధికారులు సమోసా ధర ఆరు రూపాయలని నిర్ణయించారు. అంతకు మించి అమ్మితే జరిమానా. బేకరీల, మిఠాయి దుకాణాలవారి సంఘం లాహోర్ హైకోర్టుకు వెళ్ళింది, అక్కడ ఓడింది. సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2012 జూలైలో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. పంజాబ్ రాష్ట్రంలో ఆహార పదార్థాల నియంత్రణకు 1958లో చేసిన చట్టం ఉన్నది. ఆ చట్టం పరిధిలోకి వచ్చే వస్తువులలో సమోసా లేదు. కనుక ధర నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి లేదు. ఇదీ తీర్పు. అంతకు నెల రోజుల ముందే, జూన్‌లో, అదే సుప్రీంకోర్టు ప్రధానమంత్రి యూసఫ్ రజా గిలానీని పదవికి అనర్హుడని ప్రకటించి ఇంటికి పంపిందని పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ప్రధానిని దించడానికీ సమోసాను విడిపించడానికీ తీరిక చేసుకున్న ఆ కోర్టును చూసి ప్రపంచ పత్రికలు వినోదించాయి.

వినోదం సరే. ఆ వ్యాజ్యంలో ఇరుపక్షాల వాదనలోనూ బలమున్నది. నూనె, పిండి, గ్యాసు, మాంసం ధరలు ప్రభుత్వం చేతిలో ఉండక, వాటితో చేసిన సమోసా ధర మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంటే చిల్లర వర్తకుడు ఎక్కడ బ్రతుకుతాడు? ఇది దుకాణదారుల ప్రశ్న. రంజాన్ మాసం వచ్చిందంటే సాయంత్రం ఉపవాసం విడిచేవేళ సమోసా లేని ముస్లిం ఇల్లు ఉపఖండంలో అరుదు. ఆ అవసరం చూసుకుని ధర పెంచితే బీదవాడేం కావాలి? ఇది అధికారుల ప్రశ్న. నా మట్టుకు నాకు కోర్టు తీర్పు న్యాయంగానే తోచింది. ధర కట్టడిచేసిన సమోసా మరునాటినుంచి చిన్నదవుతుంది. లేదా లోపలి మాంసం తగ్గి ఉల్లిపాయ పెరుగుతుంది. లోపల ఏమున్నదో కొరికేదాకా తెలియని పదార్థానికి బయటినుంచి ధర కట్టడం కష్టం. శ్రీ రవికిషన్ పరిమాణాన్ని కూడా చట్టంలో చేర్చాలనడంలోని లోతు ఇక్కడ తెలుస్తుంది. ఆయన కోరినది సాధ్యమా అన్నది వేరు విషయం.

మన దేశంలో సమోసాకు సర్కారు ధర లేదనుకోకండి. ఎన్నికల వేళ ఉంటుంది. అభ్యర్థుల ఖర్చు లెక్కగట్టడానికి ప్రతి జిల్లా ఎన్నికల అధికారీ ఒక ధరల పట్టిక ప్రకటిస్తారు: కుర్చీ అద్దె ఇంత, మైకు ఇంత, పూలదండ ఇంత, కప్పు టీ ఇంత, సమోసా ఇంత. 2024 లోక్‌సభ ఎన్నికలలో జలంధర్ జిల్లా పట్టికలో టీ పదిహేను రూపాయలు, సమోసా పదిహేను రూపాయలు. పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. ఆ 95 లక్షలలో సమోసాల కింద రాసేది ఎంతో, రాయకుండా పంచేది మరెంతో మీరే ఊహించుకోవచ్చు. కోట్లు చేతులు మారే ఎన్నికలలో పదిహేను రూపాయల సమోసాకు రసీదు అడిగే ఏర్పాటు చూస్తే, ఏనుగులు పోయే ద్వారం తెరిచి ఉంచి చీమలు పోయే కంతకు బిరడా వేసినట్లుంటుంది.

ఇంతకూ ఈ సమోసా ఢిల్లీకి బీదవాడి తిండిగా రాలేదు. పారశీక దేశంలో పుట్టిన సంబూసగ్ ఇది. పదవ శతాబ్దినాటి బాగ్దాద్ వంటల గ్రంథాలలో ఉన్నది. పదకొండవ శతాబ్దిలో గజనీ ఆస్థాన చరిత్రకారుడు బైహకీ రాతలలో ఉన్నది. తురుష్క సుల్తానులతో పాటు హిందూస్థానంలో అడుగుపెట్టింది. ఢిల్లీ ప్రభువులు మాంసం, నెయ్యి, ఉల్లిపాయలతో చేసిన సమోసాలు ఇష్టపడేవారని అమీర్ ఖుస్రో రాశాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో న్యాయాధికారిగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మరికాస్త వివరం చెప్పాడు: సన్నగా కొట్టిన మాంసం, బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లి, సుగంధ ద్రవ్యాలు పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారట, మనిషికి నాలుగో ఐదో వడ్డించేవారట. పదిహేనవ శతాబ్ది చివర మాళ్వాలోని మాండూ నగరంలో ఘియాసుద్దీన్ షా అనే సుల్తాను రాజ్యం కన్న రుచులే మేలనుకుని ఒక వంటల గ్రంథం రాయించాడు. నిమత్‌నామా అని దాని పేరు. బొమ్మలతో సహా ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. అందులో రకరకాల సమోసాలున్నాయి.

ఇన్ని గ్రంథాలు తిరగవేసినా ఎక్కడా కనిపించనిది బంగాళాదుంప. కనిపించడానికి వీల్లేదు, అది అప్పటికింకా దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీదనే ఉన్నది. పోర్చుగీసువారి ఓడలతో పశ్చిమ తీరానికి వచ్చి, ఆంగ్లేయుల ప్రోత్సాహంతో గంగా మైదానంలో వ్యాపించేదాకా సమోసా మాంసాహారమే, దొరల ఆహారమే. చవకగా పండే ఆలూ వచ్చి బాదంపప్పును, మాంసాన్ని లోపలినుంచి నెట్టివేశాక మిఠాయి దుకాణంలో బ్రాహ్మణుడు మొదలు బండిలాగేవాడి వరకు అందరూ కొనగల పదార్థమయింది. కోటలోనుంచి వీధిలోకి దానిని దించినది ఏ చక్రవర్తీ కాదు, ఒక దుంప. మన హైదరాబాదులో మాత్రం పాతకాలపు మర్యాద కొంత మిగిలింది. పెళ్ళి విందుల్లో వడ్డించే లుఖ్మీ ఈ కుటుంబంలోనిదే: నాలుగు పలకలుగా, చదునుగా, లోపల ఖీమాతో. ముద్ద అనే అర్థం గల లుక్మా అన్న మాటనుంచి దాని పేరు వచ్చింది. ఇరానీ హోటళ్ళలో టీతో ఇచ్చే పలుచని పొరల చిన్న సమోసాలో ఉల్లిపాయే ప్రధానం. ఢిల్లీవాడు దానిని సమోసా అని ఒప్పుకోడు. హైదరాబాదీ ఢిల్లీ సమోసాను ఆలుగడ్డ మూట అంటాడు. ఈ తగవులో నేను తీర్పు చెప్పను.

ఆలూ ఎంతగా పాతుకుపోయిందంటే, బీహారులో అది రాజకీయ నినాదమే అయింది. సమోసాలో ఆలూ ఉన్నన్నాళ్ళూ బీహారులో లాలూ ఉంటాడన్న మాట తొంభైలలో దేశమంతటా మారుమ్రోగింది. శ్రీ లాలూ ప్రసాద్ 1990లో ముఖ్యమంత్రి అయ్యారు. 2005లో ఆయన పార్టీ అధికారం కోల్పోయింది. 2013లో దాణా కుంభకోణంలో శిక్షపడి లోక్‌సభ సభ్యత్వమూ పోయింది. ఆ నినాదాన్ని ఇప్పుడు ఎగతాళికి వాడేవారు ఉన్నారు. అయినా, తమ ఇంటి గుమ్మం ఎదుటి బండి మీది తిండితో ఒక నాయకుణ్ణి పోల్చుకోవడం వెనుకబడిన కులాలవారికి ఆనాడు ఎంత కొత్తగా ఉండి ఉంటుందో మరువరాదు. అంతకు ముందటి ముఖ్యమంత్రులలో ఎక్కువమందిని సమోసాతో పోల్చాలని ఎవరికీ తోచలేదు.

తిండితో రాజకీయం పోల్చడంలో లాలూగారికి ఒక పూర్వీకుడున్నాడు, ఆ ఆలూ పుట్టిన ఖండంలోనే. చిలీ దేశంలో 1970లో ఎన్నికల ద్వారా అధికారానికి వచ్చిన సాల్వదోర్ అయెందే, తమ విప్లవం రష్యా విప్లవంలాగానో క్యూబా విప్లవంలాగానో ఉండదని, దానికి ఎంపనాదా రుచి, ఎర్రని ద్రాక్షసారా వాసన ఉంటాయని చెప్పేవాడు. తరిగిన గొడ్డుమాంసం, ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు ముక్క, ఒక ఆలివ్ కాయ, నాలుగు ఎండు ద్రాక్షలు పెట్టి కాల్చే ఎంపనాదా అక్కడ సెప్టెంబరు 18వ తేదీ జాతీయ దినోత్సవంనాడు ప్రతి ఇంటా ఉంటుంది. తుపాకి లేకుండా, ఎన్నికల పెట్టెతో, తమదైన రుచితో సోషలిజం తేగలమన్నది ఆయన చెప్పదలచిన మాట. 1973లో ఆ పండుగకు ఇంకా వారం రోజులుందనగా, సెప్టెంబరు 11న, సైన్యం అధ్యక్ష భవనం మీద బాంబులు కురిపించింది. అయెందే ఆ భవనంలోనే మరణించాడు. మన దేశంలో ఆనాటి వామపక్ష సభలలో చిలీ పేరు ఎన్నిసార్లు వినిపించిందో ఆ తరం పాఠకులకు చెప్పనక్కరలేదు.

నినాదాలనుంచి పన్నుల దగ్గరకు వస్తే, ఈ విషయంలో అందరికన్న ఎక్కువ నగుబాటైనది బ్రిటిష్ ప్రభుత్వం. కార్న్‌వాల్ ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న సీమ. ఒకప్పుడు తగరం, రాగి గనులకు పేరు. తెల్లవారకముందే గనిలోకి దిగి సాయంత్రందాకా పైకి రాని కార్మికుడికి ఇంటావిడ కట్టి ఇచ్చే సద్దిమూట పాస్టీ. అర్ధచంద్రాకారంలో మడిచి, అంచు తాడులా మెలివేసి, లోపల గొడ్డుమాంసం, బంగాళాదుంప, ముల్లంగిజాతి దుంప ఒకటి, ఉల్లిపాయ పెట్టి కాలుస్తారు. 2011లో ఐరోపా సమాజం దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది: కార్న్‌వాల్‌లో చేసినదే కార్నిష్ పాస్టీ, అందులో మాంసం నూటికి పన్నెండున్నర పాళ్ళకు తగ్గరాదు. మన తిరుపతి లడ్డూకున్న గుర్తింపు వంటిదే ఇది.

ఆ మరుసటి సంవత్సరమే, 2012 మార్చిలో, ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ తన బడ్జెట్‌లో వేడి వేడి పాస్టీల మీద నూటికి ఇరవై పాళ్ళ పన్ను వేశాడు. వేడిగా కట్టి ఇచ్చే ఆహారం మీద పన్ను అక్కడ 1984 నుంచీ ఉన్నది. కాని పొయ్యిలోంచి తీసి బల్ల మీద పెట్టిన పాస్టీ వేడిగా ఉండడం యాదృచ్ఛికమన్న వాదంతో రొట్టె దుకాణాలు తప్పించుకునేవి. ఆ కంత పూడ్చాలన్నది మంత్రి ఆలోచన. లెక్కల పుస్తకంలో చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పక్క పుటలో ఉన్నది. అదే బడ్జెట్‌లో అత్యధిక ఆదాయంగల శ్రీమంతులకు ఆదాయపు పన్ను యాభై పాళ్ళనుంచి నలభై అయిదుకు తగ్గించారు. ధనికుడికి తగ్గించి పాస్టీకి పెంచిన ప్రభుత్వమన్న పేరు రాత్రికి రాత్రి పడింది.

పార్లమెంటరీ సంఘంలో ఒక లేబర్ సభ్యుడు ఆర్థికమంత్రిని అడిగాడు: మీరు రొట్టె దుకాణంలో పాస్టీ కొని తిని ఎంతకాలమయింది? జ్ఞాపకం లేదన్నాడు మంత్రి. ఆ ఒక్క సమాధానం చాలింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ నష్టం పూడ్చబోయి, తనకు పాస్టీ అంటే ప్రాణమని, ఆమధ్య లీడ్స్ రైల్వేస్టేషన్‌లో ఒకటి కొని తిన్నానని చెప్పాడు. విలేఖరులు వెళ్ళి చూస్తే ఆయన చెప్పిన దుకాణం ఎన్నడో మూతపడింది. రొట్టెలు చేసేవారు లండన్ వీధులలో ఊరేగింపు తీశారు. పాస్టీ బయటి గాలికి చల్లారుతూ ఉంటే పన్ను లేదు, దీపం కింద వెచ్చగా ఉంచితే పన్ను ఉన్నది అని సవరించి, మే నెల చివర ప్రభుత్వం వెనుకడుగు వేసింది. ఎండాకాలంలో చల్లారడమెట్లా, చలికాలంలో చల్లారడమెట్లా అని పార్లమెంటులో జరిగిన చర్చకు సాటిరాగల హాస్యనాటకం ఆ సంవత్సరం ఏ రంగస్థలం మీదా ఆడలేదు.

ఆ కార్న్‌వాల్ గని కార్మికులే తమ దేశంలో గనులు వట్టిపోతుంటే ప్రపంచమంతటా చెదిరిపోయారు. 1820లలో మెక్సికోలోని రియల్ దెల్ మోంతె వెండి గనులకు వెళ్ళినవారు పాస్టీని అక్కడ దిగవిడిచారు. ఈనాటికీ ఇదాల్గో రాష్ట్రంలో దానిని ‘పాస్తె’ అంటారు, లోపల చిక్కుడు గింజలు, మిరపకాయలు పెట్టుకుంటారు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ మైసూరు సంస్థానంలో కోలార్ బంగారు గనులు తవ్వించినప్పుడు అక్కడికి వచ్చిన మేస్త్రీలలో, ఇంజనీర్లలో కార్న్‌వాల్ వారున్నారు. వారి కింద పలుగు పట్టినవారిలో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాలనుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువారు ఎందరో. అధికారి బంగళాలో, కూలీ తడికె గదిలో. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగిన ఆ గనులు 2001లో మూతబడ్డాయి. ఇంగ్లండులో గని కార్మికుడిగా దీనుడైనవాడు కోలార్‌లో దొర అయ్యాడు. తిన్నది ఏదైనా తెల్లతోలు ముందు వచ్చింది.

వలసపోయినవాడి తిండిని కొత్త దేశం ఎట్లా చూస్తుందన్నది ఆ దేశం మనసు తెలుసుకోవడానికి మంచి గుర్తు. 1972లో ఈది అమీన్ ఉగాండానుంచి భారతీయులను తరిమినప్పుడు పాతికవేలమందికి పైగా బ్రిటన్ చేరారు. లెస్టర్ నగర పాలక సంఘం ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది: మా ఊళ్ళో ఇళ్ళు నిండిపోయాయి, బడులు నిండిపోయాయి, దయచేసి ఇటు రావద్దు. వచ్చారు. ఆ ప్రకటన చూశాకనే లెస్టర్ అనే ఊరొకటి ఉందని తెలిసిందని తర్వాత చెప్పినవారూ ఉన్నారు. తూర్పు ఆఫ్రికాలో రెండు మూడు తరాలుగా ఉన్న గుజరాతీలు తెచ్చిన సమోసా ఆ ఊరి బెల్‌గ్రేవ్ రోడ్డు మీద దుకాణాలు కట్టించింది. ఇందులోని చమత్కారం ఏమంటే, ఆ లెస్టర్‌షైర్ జిల్లాయే మెల్టన్ మోబ్రే పందిమాంసపు ‘పై’కి పుట్టినిల్లు, 2009లో భౌగోళిక గుర్తింపు పొందినది. ఒకే జిల్లాలో ఆ ‘పై’ స్థానికుడి పరువు, సమోసా పరాయివాడి గుర్తు. ఇప్పుడు రెండూ అక్కడి బజారులో దొరుకుతాయి. అయినా 2022లో ఆ ఊళ్ళోనే హిందూ, ముస్లిం యువకులు వీధుల్లో ఎదురుబొదురు నిలిచారు. సమోసా పంచుకున్నవారు తగవు పడరని ఎవరైనా అంటే నమ్మకండి.

యుగోస్లావియా ఇంకా ఒకే దేశంగా ఉన్న రోజుల్లో స్లొవేనియా గోడల మీద ‘బూరెక్ వద్దు’ అన్న అర్థం వచ్చే రాతలు వెలిశాయి. అదీ జర్మన్ భాషలో. బూరెక్ అమ్మేవారు దక్షిణాది రిపబ్లిక్కులనుంచి కూలికి వచ్చిన బోస్నియన్లు, అల్బేనియన్లు. తిండి పేరు చెప్పి మనుషులను వద్దన్నారు. ఆ దేశమే 1991లో ముక్కలయింది. లుబ్లియానాలో రాత్రివేళ ఆకలైనవారు ఇప్పటికీ బూరెక్ దుకాణానికే పోతారు.

సమోసాను ఏకంగా నిషేధించిన ఘనత సోమాలియాలోని అల్ షబాబ్ ముఠాది. 2011లో తమ ఆధీనంలోని ప్రాంతాలలో సంబూసా చేయరాదన్నారు. కారణం వారు చెప్పలేదు. మూడు మూలల ఆకారంలో క్రైస్తవుల త్రిత్వం కనిపించిందేమోనని పత్రికలు రాశాయి. ఆ జూలైలోనే ఐక్యరాజ్యసమితి దక్షిణ సోమాలియాలో కరువును అధికారికంగా ప్రకటించింది. తినడానికే ఏమీ లేనిచోట ఆకారం మీద ఆంక్ష. ఇక్కడ ఎగతాళి చేయడానికి కూడా నోరు రాదు.

దౌత్యానికి సమోసా మేలు చేసిన ఉదంతం ఒకటున్నది. 2020 జూన్ మొదటి వారంలో ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మారిసన్, శ్రీ నరేంద్ర మోదీల శిఖరాగ్ర సమావేశం కరోనా వల్ల తెరల మీదనే జరిగింది. దానికి ముందు ఆదివారంనాడు మారిసన్ స్వయంగా సమోసాలు, మామిడికాయ చట్నీ చేసి, పళ్ళెంతో ఫొటో దిగి, మోదీగారితో పంచుకోవాలని ఉందని రాశాడు. మాంసపు ‘పై’ జాతీయాహారమైన దేశపు నాయకుడు సమోసా చేయడం ఊరికే కాదు. చైనాతో ఇద్దరికీ పొసగని రోజులవి. ఆ సమావేశంలోనే ఒకరి సైనిక స్థావరాలను మరొకరు సరఫరాలకు వాడుకునే ఒప్పందం కుదిరింది.

బయటివారితో ఇంత సఖ్యంగా నడిచిన సమోసా స్వదేశంలో 2024లో నేర పరిశోధనకు గురయింది. అక్టోబరులో హిమాచల్ ముఖ్యమంత్రి శ్రీ సుఖ్విందర్ సింగ్ సుఖు సిమ్లాలోని సిఐడి కార్యాలయానికి వెళ్ళారు. ఆయన కోసం ఒక పెద్ద హోటలునుంచి తెప్పించిన సమోసాలు, కేకుల పెట్టెలు మూడు పొరపాటున ఆయన భద్రతా సిబ్బందికి వడ్డించారు. ఇది ఎట్లా జరిగిందని సిఐడివారు విచారణ జరిపి, అధికారుల వాంగ్మూలాలు తీసుకుని, నివేదిక తయారుచేశారు. ఇది ప్రభుత్వ వ్యతిరేక చర్య అన్న వ్యాఖ్య కూడా అందులో చేరింది. సంగతి పత్రికలకెక్కాక ప్రతిపక్షం ఊరుకోలేదు. విచారణ అధికారుల దురుసు ప్రవర్తన మీదనే గాని సమోసాల మీద కాదని ముఖ్యమంత్రి చెప్పుకున్నారు. రాష్ట్ర ఖజానా ఉద్యోగులకు జీతాలు సమయానికి చెల్లించడానికే తడుముకుంటున్న రోజులవి. పగలంతా నిలబడి కాపలా కాసిన సిపాయి నాలుగు సమోసాలు తిన్నాడన్నది ఫిర్యాదు అయింది. ఇంటికి పోయి అన్నం తినే వీలులేనివాడికే అవి చేరాయన్న మాట ఆ నివేదికలో ఉండదు.

ఈ విషయం రాయడానికి పాత కాగితాలు తిరగవేస్తుంటే మన తెలుగువారి ఊసు తగిలిన చోటు ఒకటున్నది: బర్మా. రంగూన్ వీధుల్లో అమ్మే ‘సముసా తొ’ అక్కడివారి నిత్యాహారం. భారతీయులతో వెళ్ళిన సమోసాను బర్మీయులు కత్తెరతో ముక్కలుగా కోసి, క్యాబేజీ, పచ్చి ఉల్లి, పుదీనా కలిపి, మీద పలుచని పప్పుచారు పోసి గిన్నెలో తింటారు. అక్కడి తెలుగు కూలీలను, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరున, కోరంగీలనేవారు. రంగూన్ రేవులో ఓడలకు బరువులు మోసినవారు వీరే. 1930 మే నెలలో కూలి పెంచమని వీరు సమ్మె కడితే, యాజమాన్యాలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరాక వారిని వెళ్ళగొట్టాయి. రెండు జాతుల కూలీలు కొట్టుకున్నారు. చనిపోయిన వారిలో తెలుగువారే ఎక్కువ. 1942లో జపానువారి బాంబులకు జడిసి అడవుల వెంట నడిచి వచ్చినవారు కొందరు; 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు జాతీయం చేశాక చేతి సంచితో ఓడ ఎక్కినవారు మరెందరో. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట పేరు వారి వల్ల వచ్చినదే. రంగూన్‌లో సముసా తొ అమ్మే బండ్లు ఇప్పటికీ ఉన్నాయి. 2021లో సైన్యం మళ్ళీ అధికారం కాజేసిన తర్వాత బియ్యం, వంటనూనె ధరలు విపరీతంగా పెరిగి, ఆ బండ్ల దగ్గర కూడా గిన్నె వెల పాతవెలకు ఎన్నో రెట్లయింది.